ఎర్ర నాచు బేరంలో అసలు సరుకు జిగురే

నెల్లూరు తీర రైతులు, వర్తకులు తెలుసుకోవలసిన సంగతులు

నెల్లూరు జిల్లాలో రొయ్యల సాగు విస్తారంగా ఉన్న ప్రాంతాల్లో నీటి పరీక్షశాలలు కూడా వెలిశాయి. రైతు సీసాలో చెరువు నీరు తెచ్చి ఇస్తాడు. పరీక్షశాలవారు ముదురాకుపచ్చ జెల్లీ పోసిన పళ్ళెం మీద ఒక చుక్క వేసి, పులిమి, వెచ్చని పెట్టెలో ఉంచుతారు. మరునాటికి ఆ జెల్లీ మీద పసుపు, ఆకుపచ్చ చుక్కలు మొలుస్తాయి. అవి విబ్రియో సూక్ష్మజీవుల కాలనీలు. వాటి లెక్కను బట్టి రైతు నీరు మార్చాలా, మేత తగ్గించాలా, లేక చెరువు పట్టేయాలా అన్నది తేల్చుకుంటాడు. లక్షల రూపాయల పంట ఆ పళ్ళెం చెప్పే మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఆ జెల్లీని గట్టిపరచిన పదార్థం పేరు అగర్. అది సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వస్తుంది. ఫలూదాలోను, జెల్లీ మిఠాయిలలోను వేసే చైనా గ్రాస్ కూడా ఇదే. ఐస్‌క్రీములో నీరు గడ్డకట్టి పలుకులు కాకుండా చూసేది, టూత్‌పేస్టు ముద్దగా నిలిచేటట్లు చేసేది ఇంకొక రకం ఎర్ర నాచు జిగురు. దాని పేరు క్యారజీనన్. తినుబండారాల పొట్లాల మీద 406 అంకె ఉంటే అగర్ అనీ, 407 ఉంటే క్యారజీనన్ అనీ అర్థం.

ఈ విధంగా నెల్లూరు ప్రాంతం చాలాకాలంగా ఎర్ర నాచు సరుకుకు వాడుకందారు. ఇప్పుడు ఉత్పత్తిదారు కావాలన్న మాట వినవస్తోంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు ప్రత్యేకించారు. అయిదేళ్ళలో దేశపు ఉత్పత్తిని 11 లక్షల 20 వేల టన్నులకు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. గడువు నాటికి ఉత్పత్తి ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే ఉండిపోయింది. కాగా, నాచు పెంచితే చాలు, కొనేవారు వస్తారన్న అభిప్రాయం తీర గ్రామాల్లో నాటుకుంది. ఇక్కడనే జాగ్రత్త అవసరం. ఈ వర్తకంలో తూచేది నాచునే అయినా, ధర కట్టేది నాచులోని జిగురుకు. ఆ జిగురు ఏమిటో, ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు పాడవుతుందో తెలియనివారు కాటా దగ్గర నష్టపోక తప్పదు.

ఎరుపు రంగు చూసి కొనరాదు

సముద్రపు నాచులను రంగును బట్టి ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు వర్గాలుగా విభజించారు. ఎర్ర నాచులో పత్రహరితంతో పాటు ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రని వర్ణ పదార్థం ఉంటుంది. నీటి లోతులకు చేరే నీలి, ఆకుపచ్చ కాంతిని పట్టుకోవడానికి ఇది పనికివస్తుంది. అయితే ఎండలోను, వేడిలోను ఈ రంగు నిలవదు. ఎర్ర నాచు వర్గానికి చెందిన మొక్కలే కొన్ని ఆకుపచ్చగాను, కొన్ని గోధుమ రంగుగాను కనిపిస్తాయి. ఎండబెట్టినప్పుడు ఊదా నలుపుకు తిరగవచ్చు. మంచు, ఎండ మార్చి మార్చి తగిలితే గడ్డి రంగుకు తేలిపోవచ్చు. మిరపకాయలకు రంగు ధర తెస్తుంది గాని, ఎర్ర నాచుకు తేదు.

ధర తెచ్చేది కణాల గోడలలో ఉంటుంది. నేల మీది చెట్టుకు నిటారుగా నిలబడవలసిన అవసరం ఉంది గనుక దానికి కట్టె కావాలి. అలల్లో ఊగే నాచుకు కట్టె ఉంటే విరిగిపోతుంది. అందువల్ల దాని కణాల చుట్టూ వంగి, సాగి, మళ్ళీ యథాస్థితికి వచ్చే జిగురు పదార్థం నిండి ఉంటుంది. మనిషి వేడినీటితో కరిగించి తీసుకునేది ఈ జిగురునే.

రెండు జిగురులు, రెండు బజార్లు

అగర్, క్యారజీనన్ రెండూ గాలక్టోజ్ అనే చక్కెర రేణువులు గొలుసుగా కలిసి ఏర్పడినవే. పాలలోని చక్కెరలో ఉండే గాలక్టోజ్ కూడా ఈ జాతిదే. గొలుసులో ఒక చక్కెర విడిచి ఒక చక్కెర ఏ వైపు తిరిగి ఉన్నదన్న దానిలోను, గొలుసుకు ఎంత గంధకం సల్ఫేటు రూపంలో అంటుకుని ఉన్నదన్న దానిలోను తేడా ఉంది. ఈ చిన్న తేడాయే రెండు వేర్వేరు బజార్లను సృష్టించింది.

కొబ్బరి పీచు తాడు పేనిన వారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. పీచులు నున్నగా ఉంటే రెండు పోగులు బాగా పురిపడి తాడు గట్టిగా వస్తుంది. మధ్య మధ్య తునకలు, ముళ్ళు ఉంటే పురి సరిగా పడదు. వేడినీటిలో విడిపోయిన జిగురు గొలుసులు చల్లారేటప్పుడు రెండేసి చొప్పున పురిపడి, వల మాదిరిగా అల్లుకుని, మధ్యలో నీటిని బంధిస్తాయి. అదే జెల్లీ. సల్ఫేటు ఎక్కువైతే పురి పడదు, జెల్లీ పలచబడుతుంది.

అగర్‌లో సల్ఫేటు బహు స్వల్పం. అందువల్ల నూరు పాళ్ళ నీటికి ఒకటిన్నర పాళ్ళు వేసినా గట్టిగా పేరుకుంటుంది. దీనికి ఇంకొక విశేషం ఉంది. సుమారు 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి గాని కరగదు. కరిగిన తరువాత 40 డిగ్రీల లోపు వరకు ద్రవంగానే ఉండి, ఆ పైన చల్లారితే పేరుకుంటుంది. నెల్లూరు రోహిణి కార్తె ఎండలో కూడా పరీక్షశాల పళ్ళెం కరిగిపోకపోవడానికి కారణం ఇదే. అగర్‌లో కూడా బాగా పురిపడే భాగాన్ని అగరోజ్ అంటారు. దానిని వేరుచేసి శుద్ధి చేస్తే జన్యు పరీక్షలకు పనికివచ్చి, మామూలు అగర్‌కు అనేక రెట్లు పలుకుతుంది.

క్యారజీనన్‌లో సల్ఫేటు ఎక్కువ, ఇంచుమించు నాలుగో వంతు నుంచి మూడో వంతు పైచిలుకు వరకు ఉంటుంది. ఇందులో ముఖ్యమైనవి మూడు రకాలు. కప్పా రకం పొటాషియం లవణం తోడైతే గట్టి జెల్లీ అవుతుంది. అయోటా రకం సున్నపు లవణం తోడైతే మెత్తగా, సాగే జెల్లీ అవుతుంది. లామ్డా రకం పేరుకోదు, ద్రవాన్ని చిక్కబరుస్తుంది. పాలలోని మాంసకృత్తులతో ఇవి బాగా కలుస్తాయి కాబట్టి పాల పదార్థాల పరిశ్రమ వీటికి పెద్ద గిరాకీదారు.

గ్రాసిలేరియా, జెలిడియెల్లా నాచులు అగర్ ఇస్తాయి. కప్పాఫైకస్, హిప్నియా నాచులు క్యారజీనన్ ఇస్తాయి. అగర్ కర్మాగారం కప్పాఫైకస్‌ను కొనదు. క్యారజీనన్ కర్మాగారానికి గ్రాసిలేరియా అక్కరలేదు. వేరుసెనగ మిల్లుకు ఆముదాలు తోలుకు వెళ్ళినట్లే అవుతుంది.

ఒక ఇల్లాలి సలహా, ఒక దేశపు ఆంక్ష

అగర్‌ను మొదట జపానులో పదిహేడవ శతాబ్దంలో తయారుచేశారు. మిగిలిపోయిన నాచు జెల్లీని చలికాలం రాత్రి బయట పెడితే గడ్డకట్టి, పగలు కరిగి నీరు కారిపోయి, ఎండు పొరలు మిగలడం అక్కడివారు గమనించారని చెబుతారు. ఆ గడ్డకట్టించి కరిగించే పద్ధతి నేటికీ పరిశ్రమలో ఉన్నది.

వంటింటి సరుకుగా ఉన్న అగర్ వైద్యశాస్త్రానికి ఎక్కింది 1881-82 ప్రాంతంలో. జర్మనీలో రాబర్ట్ కోచ్ పరీక్షశాలలో సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచేవారు. వేసవిలో జెలటిన్ కరిగిపోయేది; కొన్ని సూక్ష్మజీవులు దానిని తినివేసేవి కూడా. అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తాను ఇంట్లో జెల్లీలకు వాడే అగర్‌ను ప్రయత్నించమని సలహా ఇచ్చారు. జావాలో నివసించి వచ్చిన వారి ద్వారా ఆమె కుటుంబానికి ఆ సరుకు తెలిసింది. క్షయ క్రిమిని కనుగొన్నట్లు 1882లో కోచ్ ప్రకటించిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సరుకు నిలిచిపోయింది. అప్పుడు అన్ని దేశాలు తమ తీరాలను వెతుక్కున్నాయి. భారతదేశంలో కూడా గ్రాసిలేరియా నుంచి అగర్ తీసే ప్రయత్నాలు ఆ కాలంలోనే మొదలయ్యాయి. తరువాత రామనాథపురం తీరపు నాచు ఆధారంగా మదురై పరిసరాల్లో అగర్ కర్మాగారాలు ఏర్పడ్డాయి.

సరఫరా ఒకే చోట కేంద్రీకృతమైతే బజారు ఎంత చపలంగా ఉంటుందో 2015లో మరొకసారి రుజువైంది. పరీక్షశాల అగర్‌కు కావలసిన జెలిడియం నాచులో అత్యధిక భాగం మొరాకో నుంచి వచ్చేది. తీరంలో నాచు తరిగిపోతున్నదని ఆ దేశం ఏటా కోతను 6 వేల టన్నులకు పరిమితం చేసి, అందులో 1,200 టన్నులు మాత్రమే విదేశాలకు విడిచింది. టోకు ధర సుమారు మూడు రెట్లయి కిలో 35 నుంచి 45 డాలర్ల వరకు పలికింది. పెద్ద సరఫరాదారులు కొన్ని రకాల అమ్మకాలను తాత్కాలికంగా నిలిపివేశారు. అగర్ వర్తకంలోకి దిగేవారు ఈ ఒడుదుడుకులను మనసులో ఉంచుకోవాలి. పెరిగిన ధర ఏళ్ళ తరబడి నిలుస్తుందని లెక్కలు వేసుకోరాదు.

ఇసుక తీరంలో నాచు ఎక్కడ?

ఎర్ర నాచు ఏదో ఒక ఆధారాన్ని పట్టుకుని పెరుగుతుంది. విశాఖపట్నం తీరంలో రాళ్ళున్నాయి. అక్కడి రాళ్ళ మీది నాచుల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లోనే శాస్త్రీయంగా వివరించారు. గ్రాసిలేరియా, హిప్నియా జాతులు అక్కడ సహజంగా ఉన్నాయి. నెల్లూరు తీరం అలా కాదు. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం ఎక్కడ చూసినా ఇసుకే. నాచు పట్టుకునేందుకు రాయి అరుదు. కనుక ఇక్కడ ఏరుకుని అమ్ముకునే సరుకు ఉందని ఆశపెట్టుకోనక్కరలేదు. పెంచుకోవలసిందే.

పెంచడానికి రెండు తావులున్నాయి. మొదటిది బయటి సముద్రం. రెండవది లోపలి ఉప్పునీరు: స్థానికులు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సు, కృష్ణపట్నం వద్ద కండలేరు పాయ, రొయ్యల చెరువుల కాలువలు. సరస్సు ఒడ్డున ఉన్న సూళ్ళూరుపేట ప్రాంతం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరినా, నీటి సంబంధం, వర్తక సంబంధం నెల్లూరుతో తెగలేదు.

బయటి సముద్రంలో పెంచడానికి సాధారణంగా సూచించేది కప్పాఫైకస్. ఫిలిప్పీన్స్ సంతతికి చెందిన ఈ నాచును భావనగర్‌లోని కేంద్రీయ లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థ 1984లో జపాను ద్వారా మన దేశానికి తెప్పించింది. 2000 తరువాత తమిళనాడులో మండపం చుట్టుపక్కల స్వయం సహాయక సంఘాల మహిళలు వెదురు తెప్పల మీద దీనిని పెంచసాగారు. పన్నెండడుగుల చదరపు తెప్పకు సుమారు 60 కిలోల పిలకలు కడితే, 45 రోజులలో నాలుగు రెట్ల వరకు పెరుగుతుంది. లెక్క ఆకర్షణీయంగానే ఉంటుంది.

అయితే మండపం నీరు వేరు, నెల్లూరు నీరు వేరు. అక్కడ పాక్ అఖాతంలో నీరు చాలా భాగం మరుగున ఉంటుంది. ఇక్కడ బంగాళాఖాతం అలలు నేరుగా ఒడ్డును కొడతాయి. పైగా కప్పాఫైకస్‌కు వెయ్యికి 30 పాళ్ళకు అటు ఇటుగా ఉప్పదనం కావాలి. ఈశాన్య ఋతుపవనాల వేళ పెన్న, స్వర్ణముఖి వరదనీరు కలిస్తే ఒడ్డు దగ్గర ఉప్పదనం పడిపోయి నాచు తెల్లబడి కుళ్ళిపోతుంది. తుపానుల సంగతి చెప్పనక్కరలేదు. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట వద్ద, 1989 నవంబరు పెనుతుపాను కావలి సమీపంలో తీరం దాటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తెప్పలు నీటిలో ఉంచడం జూదమే.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. సాగులోని కప్పాఫైకస్ అంతా పిలకల ద్వారా వచ్చిన ఒకే సంతతి. ఒక మొక్కకు పడని వేడి అన్ని మొక్కలకూ పడదు. 2013 తరువాత తమిళనాడులో వేడికి, తెగుళ్ళకు నాచు మూకుమ్మడిగా చనిపోయి, దాని మీద ఆధారపడిన కుటుంబాల ఆదాయం పడిపోయింది. అక్కడి కురుసడై దీవి వద్ద ఈ పరదేశపు నాచు పగడాల మీదికి పాకినట్లు కూడా శాస్త్రజ్ఞులు నమోదు చేశారు.

లోపలి నీటికి గ్రాసిలేరియా అనువైనది. ఇది పులికాట్‌లో సహజంగా కనిపించే జాతి. ఉప్పదనం హెచ్చుతగ్గులను కప్పాఫైకస్ కంటె బాగా తట్టుకుంటుంది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఉప్పునీటి చెరువుల్లో దీనిని రొయ్యలతో, మిల్క్‌ఫిష్ చేపలతో కలిపి పెంచుతున్నారు. అయినా దీనికీ హద్దులున్నాయి. పులికాట్ నీరు వరదల్లో దాదాపు మంచినీరవుతుంది. ముఖద్వారాలు పూడుకున్న వేసవిలో సముద్రం కంటె ఉప్పగా, వెయ్యికి 50 పాళ్ళు దాటవచ్చు. ఈ రెండు కొసల మధ్య ఉన్న నెలలే గ్రాసిలేరియాకు అదను. పైగా సరస్సు పక్షుల అభయారణ్యం. అందులో సాగుకు అటవీ శాఖ అనుమతి లేనిదే గుంజ పాతరాదు. అందువల్ల నెల్లూరు వారికి అందుబాటులో ఉన్న తావు సొంత చెరువు, దాని కాలువ.

రొయ్యల చెరువుకు తోడు

చెరువు నుంచి బయటికి వదిలే నీటిలో మేత వృథా నుంచి, రొయ్యల విసర్జన నుంచి వచ్చిన అమ్మోనియా, భాస్వరం ఉంటాయి. ఇవి రొయ్యకు విషం, పాయకు కాలుష్యం, గ్రాసిలేరియాకు ఎరువు. బయటికి పోయే కాలువలో తాళ్ళకు గ్రాసిలేరియా కట్టి పెంచితే నీరు కొంత శుభ్రపడుతుంది. ఇది అనేక దేశాల్లో పరీక్షించి చూసిన పద్ధతి. అయితే నత్రజని మరీ ఎక్కువైన నీటిలో నాచు ఏపుగా పెరిగినా, జిగురు శాతం తగ్గుతుంది. వరికి యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి గింజ తగ్గినట్లే. కోతకు ముందు కొన్ని రోజులు పలుచని నీటిలో ఉంచితే నాచు తిరిగి జిగురు కూడబెట్టుకుంటుంది.

గ్రాసిలేరియా వేడినీటి కషాయం వనామీ రొయ్యల రోగ నిరోధక శక్తిని పెంచి, ఒక రకం విబ్రియోను తట్టుకునేటట్లు చేసినట్లు తైవాన్ శాస్త్రజ్ఞులు 2005లో ప్రకటించారు. సల్ఫేటు ఉన్న జిగురులను సూక్ష్మజీవుల దాడిగా భ్రమించి రొయ్య దేహం మేలుకొంటుందని వివరణ. ఇది పరీక్షశాల ఫలితమని మరచిపోరాదు. దీనిని పట్టుకుని నాచు పొడి కలిపిన ప్రతి డబ్బా తెల్లమచ్చకు మందని అమ్మేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

రొయ్య ఒక్కదానినే నమ్ముకుంటే ఏమవుతుందో నెల్లూరుకు అనుభవమే. 1994-95లో తెల్లమచ్చ తెగులు చెరువులను ఖాళీ చేసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చిన తరువాత సాగు తిరిగి పుంజుకుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర కదిలిపోయింది. కాలువలోని నాచు రొయ్యకు బదులు కాలేదు గాని, నీటి ఖర్చులో కొంత తిరిగి రాబట్టగలదు. దాని విలువ అంతవరకే అనుకుని మొదలుపెట్టడం క్షేమం.

ఒక హెచ్చరిక. నాచు మంచి, చెడు తేడా లేకుండా నీటిలోని లోహాలను కూడా పీల్చుకుంటుంది. ఓడరేవులకు, విద్యుత్ కేంద్రాలకు, కర్మాగారాలకు సమీపంలో పెంచిన నాచును తినుబండారాల పరిశ్రమకు అమ్మదలచినవారు సీసం, ఆర్సెనిక్, కాడ్మియం పరీక్ష చేయించి పత్రం దగ్గర పెట్టుకోవాలి. ఎగుమతి సరుకుకు కొనుగోలుదారు మొదట అడిగేది ఆ పత్రాన్నే.

కాటా దగ్గర లెక్క

పచ్చి నాచు సుమారు పది కిలోలు ఎండితే ఒక కిలో అవుతుంది. ధర ఎప్పుడూ ఎండు సరుకుకే. ఎంత ఎండింది అన్నది మొదటి ప్రశ్న. ధాన్యానికి 17 శాతం తేమ అని ప్రమాణం ఉన్నట్లే, కప్పాఫైకస్‌కు 35 శాతం తేమను, గ్రాసిలేరియాకు 20 శాతం లోపు తేమను సాధారణంగా ప్రమాణంగా తీసుకుంటారు.

ఒక రైతు వెయ్యి కిలోల కప్పాఫైకస్ తెచ్చాడనుకుందాం. బాగా ఎండబెట్టినందున తేమ 20 శాతమే ఉంది. అంటే సారం 800 కిలోలు. 35 శాతం తేమ ప్రకారం ఈ సారానికి సరిసమానమైన సరుకు 1,231 కిలోలు. వెయ్యి కిలోలకే డబ్బు తీసుకుంటే రైతు 231 కిలోలు ఊరికే ఇచ్చినట్లు. ఇదే రైతు తొందరపడి 45 శాతం తేమతో తెస్తే సారం 550 కిలోలు. కొనుగోలుదారు లెక్కలో అది 846 కిలోలే. మిగిలిన 154 కిలోలకు కోత పెడతాడు. కోత పెట్టడం తెలిసిన వ్యాపారి, బాగా ఎండిన సరుకుకు కలుపు ఇవ్వడం కూడా తెలిసి ఉండాలి. బేరంలో ఈ మాట ముందుగా రాసుకోవాలి. పుట్టికి 850 కిలోలని కొలత తెలిసిన నెల్లూరు రైతుకు ఈ లెక్క కష్టం కాదు.

రెండవది ఇసుక. ఒడ్డున ఇసుక మీద ఆరబోసిన నాచుకు ఇసుక, గవ్వలు అంటుకుంటాయి. పాత వలల మీద, వెదురు మంచెల మీద ఆరబెడితే ఈ కోత తప్పుతుంది. మూడవది ఉప్పు. ఎండిన కప్పాఫైకస్ పైన తెల్లగా పేరేది పొటాషియం లవణం. అది కల్తీ కాదు. కల్లుప్పు చల్లి బరువు పెంచడం వేరు సంగతి. గుప్పెడు నాచును చేతులతో నలిపి దులిపితే రాలేది ఎంతో చూసి అనుభవజ్ఞులు పోల్చుకుంటారు.

నాలుగవది వాన. ఎండుతున్న కప్పాఫైకస్ మీద వాన పడితే లవణం కారిపోయి, జిగురు కూడా దెబ్బతింటుంది. గ్రాసిలేరియాను తడిగా కుప్పవేస్తే వేడెక్కి సూక్ష్మజీవులు జిగురు గొలుసులను తెంపివేస్తాయి. గొలుసు పొట్టిదైతే జెల్లీ నిలవదు. బాగా ఎండినా గోదాములో నెలల తరబడి ఉంచితే గ్రాసిలేరియా జిగి తగ్గుతుంది. ధర పెరుగుతుందని మిరపకాయలు శీతల గిడ్డంగిలో దాచినట్లు దీనిని దాచరాదు.

కర్మాగారం చివరికి చూసేది జెల్లీ బలం. ఒకటిన్నర శాతం అగర్ ద్రావణాన్ని పేరబెట్టి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల బరువు మోస్తుందో కొలుస్తారు. గ్రాసిలేరియా అగర్ సహజంగా బలహీనం. ఉడికించే ముందు కాస్టిక్ సోడా ద్రావణంలో వేడి చేస్తే గొలుసు మీది కొంత సల్ఫేటు ఊడిపోయి, పురి బాగా పడి, బలం అనేక రెట్లు పెరుగుతుంది. ఈ చిన్న రసాయన రహస్యమే గ్రాసిలేరియాను ప్రపంచ అగర్ పరిశ్రమకు ప్రధాన ముడిసరుకు చేసింది. అయితే సోడా నీటిని శుద్ధి చేయకుండా పాయలోకి వదిలితే మొదట చచ్చేది పక్కవాడి రొయ్య.

కర్మాగారం దాకా పోకుండా ఇంట్లో ఒక మోటు పరీక్ష చేసుకోవచ్చు. 50 గ్రాముల ఎండు గ్రాసిలేరియాను బాగా కడిగి, లీటరు నీటిలో గంటసేపు సన్నని సెగ మీద ఉడికించి, ఇగిరిన నీరు తిరిగి పోస్తూ, వేడిగా ఉండగానే గుడ్డలో వడగట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దుటికి గిన్నె వంచితే జారకుండా నిలిస్తే సరుకులో జీవం ఉన్నట్లు. గంజిలా ఉంటే ఆ సరుకుకు మంచి ధర ఆశించనక్కరలేదు. పాత సరుకుకు, కొత్త సరుకుకు తేడా కూడా ఇందులో తెలిసిపోతుంది.

మందులు, ఎరువులు

ఎర్ర నాచులో జిగురులే గాక అనేక రసాయనాలున్నాయి. పరుగెత్తి తప్పించుకోలేని మొక్క తనను మేసే చేపల నుంచి రసాయనాలతోనే రక్షించుకోవాలి. సముద్రపు నీటిలోని బ్రోమిన్, క్లోరిన్‌లను తీసుకుని లారెన్షియా వంటి నాచులు వందలాది సమ్మేళనాలు తయారుచేస్తాయి. డైజీనియా అనే నాచును జపానులో ఏలికపాముల మందుగా తరతరాలుగా వాడారు. అందులోని కైనిక్ ఆమ్లాన్ని 1953లో వేరుచేశారు. ఆ ఆమ్లమే నరాల కణాలను చంపగలదని తరువాత తేలి, మెదడు పరిశోధనలకు ఉపకరణమైంది. ఆస్పరాగోప్సిస్ నాచులోని బ్రోమోఫాం పశువుల పొట్టలో మీథేన్ వాయువును తగ్గిస్తుందని ఆస్ట్రేలియా పరిశోధనలు చూపాయి.

ఇవన్నీ నిజమే. కాని ఇవి నాచులో అత్యల్ప పరిమాణంలో ఉంటాయి. వేరుచేయడానికి పెద్ద ఖర్చు, పరీక్షించడానికి ఏళ్ళ కాలం పడుతుంది. మందు అవుతుందన్న ఆశ మీద రైతు తెప్ప కట్టరాదు.

రైతుకు సులభంగా అందుబాటులో ఉన్న రెండవ సరుకు నాచు రసం. పచ్చి కప్పాఫైకస్‌ను నలిపి పిండితే పొటాషియం, పెరుగుదల హార్మోనులు ఉన్న రసం వస్తుంది. పిప్పి క్యారజీనన్‌కు వెళుతుంది. ఈ విధానాన్ని కూడా భావనగర్ సంస్థే రూపొందించింది. ఇఫ్కో సాగరిక పేరుతో అమ్మే ద్రవం సముద్రపు నాచు నుంచి తయారైనదే. ఈ విధంగా తీరంలోని నాచు డెల్టాలోని వరి చేనుకు కూడా చేరుతోంది.

బేరానికి ముందు

తెప్ప కట్టే ముందు, తాడు కొనే ముందు కొనుగోలుదారు నుంచి అయిదు సంగతులు కాగితం మీద తీసుకోవాలి. కావలసినది అగర్ నాచా, క్యారజీనన్ నాచా? ఏ తేమ శాతానికి ఏ ధర? తేమ తక్కువైతే కలుపు ఎంత, ఎక్కువైతే కోత ఎంత? ఇసుక, ఉప్పు ఎంత శాతం వరకు మన్నిస్తారు? కోసిన తరువాత ఎన్ని రోజుల్లో సరుకు ఎత్తుతారు? వీటికి సూటిగా జవాబు ఇవ్వని వ్యాపారి, పిలకలు ఉచితంగా ఇస్తామన్నా అంగీకరించరాదు.

మొదటి ఏడాది ఒక కాలువలో పది తాళ్ళు చాలు. సంక్రాంతి దాటి వరద నీరు తగ్గిన తరువాత కట్టి, వేసవి ఉప్పు ముదరక ముందే కోయాలి. ప్రతి కోతకు నీటి ఉప్పదనం, పచ్చి బరువు, ఎండు బరువు, గిన్నెలో జెల్లీ నిలిచిందా లేదా అన్నవి ఒక పుస్తకంలో రాసుకోవాలి. రెండు ఋతువుల పుస్తకం చేతిలో ఉన్న రైతు తన సరుకు ఏమిటో తానే చెప్పగలడు. అప్పుడు ధర చెప్పే మాట కూడా అతనికి వస్తుంది.